మాదావరలో మిషన్ల జాతర, మధ్యలో ఒక లాడ్జి

2027 జనవరిలో బెంగళూరులో జరిగే ఇమ్‌టెక్స్ మిషన్ల ప్రదర్శనకి వెళ్దామనుకుంటున్నాం, ఎలాగేంటని మా ఆటోనగర్‌లో ఇద్దరు షెడ్డు వాళ్ళు అడిగారు. మా అబ్బాయి కాలేజీ నుంచి అరడజను మంది పిల్లలూ అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక నాకు లేదు. పైగా 2025లో మేం వెళ్ళినప్పుడు ఆ లాడ్జి వాడు చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

విజయవాడ ఆటోనగర్‌లో మాదో చిన్న జాబ్‌వర్క్ షెడ్డు, అంటే వేరే కంపెనీలకి కావలసిన విడిభాగాలు చేసిపెడతాం. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్లు రెండు, ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే పాత లేత్‌లు మూడు. మిషన్ల సంగతి మా ఆయన చూసుకుంటారు, బిల్లులు, జీతాలు, జీఎస్టీ నావి. ఆ జనవరిలో ఆయన ఒక ఆర్డరు దగ్గర ఇరుక్కుపోయారు. దాంతో నేను, మా మామయ్యగారు, మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి బయల్దేరాం. మామయ్యగారు నలభై ఏళ్ళు లేత్ మీద టర్నర్‌గా చేసిన మనిషి. మా వాడేమో స్నేహితులందరూ కంప్యూటర్స్‌లో ఉన్నారని మూడేళ్ళుగా మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. "వాళ్ళకి లాప్‌టాప్, నాకు స్పానరు" అని ఇంట్లో రోజూ ఒకసారైనా అనాల్సిందే.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఇమ్‌టెక్స్ అంటే మెషిన్ టూల్స్, అంటే లోహాన్ని కోసి, వంచి విడిభాగాలు చేసే మిషన్ల ప్రదర్శన. 1969లో మొదలైంది. ఇప్పుడు తుమకూరు రోడ్డులో మాదావర దగ్గరున్న బీఐఈసీ (బెంగళూరు అంతర్జాతీయ ప్రదర్శన కేంద్రం) ఆవరణలో జనవరిలో పెడుతున్నారు. బేసి సంవత్సరాల్లో లేత్, మిల్లింగ్, గ్రైండింగ్ లాంటి కోత మిషన్లు. సరి సంవత్సరాల్లో ప్రెస్సులు, రేకు వంచేవి. ఇది చూసుకోకుండా వెళ్తే లేత్ కొందామని వెళ్ళి ప్రెస్సు చూసి రావాల్సొస్తుంది. మేం వెళ్ళింది 2025 జనవరి 23 నుంచి 29 దాకా జరిగిన దానికి.

రైలు కొండవీడు ఎక్స్‌ప్రెస్. వారానికి మూడు రోజులే ఉంటుంది, కానీ సాయంత్రం ఎక్కితే పొద్దున్న బెంగళూరు యశ్వంతపురం స్టేషన్లో దింపుతుంది. స్లీపర్‌లో ముగ్గురికీ రానుపోను 2,610 అయింది. నిద్ర పట్టింది, దోమలు లేవు, అంతే.

ఇక లాడ్జి. ఇరవై రోజుల ముందే ఒక యాప్‌లో రెండు గదులు, మూడు రాత్రులకి తీసుకున్నా. గదికి రోజుకి 1,380 చొప్పున మొత్తం 8,280. అందులో నాలుగో వంతు, 2,070, ముందే కట్టించుకున్నారు. "బీఐఈసీకి 900 మీటర్లు" అని రాసుంది, కింద చెట్లతో ఫొటో కూడా ఉంది. యశ్వంతపురంలో ఆటో అతనికి అడ్రసు చూపిస్తే నవ్వాడు. అప్పుడే అర్థం కావాల్సింది నాకు. 350 అడిగి 280కి ఒప్పుకుని, పదిహేను నిమిషాల్లో లారీల మధ్య ఒక సందులో దింపాడు. ప్రదర్శన అక్కణ్ణుంచి ఇంకా తొమ్మిది కిలోమీటర్లు.

కౌంటర్లో ఉన్నది హిందూపురం అతను. తెలుగు వినగానే మామయ్యగారు "హమ్మయ్య, మనోడే" అన్నారు. ఆ మనోడు రిజిస్టరు తిప్పి, మళ్ళీ తిప్పి, "మేడమ్, యాప్ బుకింగు మాకు రాలేదు. ఒక్క గదే ఉంది. ఇప్పుడు ఎక్స్‌పో రేటు, 2,900" అన్నాడు. ఫోన్లో రసీదు చూపించా. "అది యాప్ వాళ్ళది మేడమ్, మాది కాదు." యాప్‌కి ఫోన్ చేస్తే పాట వస్తోంది, మనిషి రావట్లేదు. అవతల మామయ్యగారు రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి, బాత్రూంకి వెళ్ళాలి. సూట్‌కేసు మీద కూర్చుని ఏమీ అనకుండా నా వంక చూస్తున్నారు. ఆ చూపుకి ఎవరైనా ఏ రేటైనా కడతారు. వాడికీ ఆ సంగతి తెలుసు.

కట్టాం. గది 2,900, అదనపు మంచం 600, దాని మీద పన్నెండు శాతం జీఎస్టీ 420. మొత్తం 3,920. బిల్లు ఇవ్వమంటే "ప్రింటరు పాడైంది" అన్నాడు. జీఎస్టీ నా రోజువారీ పని బాబూ! బిల్లు లేని జీఎస్టీ ఎవరి జేబులోకి వెళ్తుందో నాకు తెలీదా? అడిగా కూడా. "మీరు చదువుకున్నవాళ్ళు మేడమ్" అని నమస్కారం పెట్టాడు. జీవితంలో ఇంత మర్యాదగా ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు.

గది కిటికీ తీస్తే జనరేటరు. వేడినీళ్ళు పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకానే, బకెట్టుకి 40. దుప్పటి మీద చిన్న చిన్న చిల్లులు, ఎవరో సిగరెట్లతో చుక్కల ముగ్గు పెట్టినట్టు. మా వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. "రానన్నా వినలేదు" అన్న మాట వీపు మీద రాసినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే సామాను తీసుకుని బయటికొచ్చి మెట్రో ఎక్కాం. ప్రదర్శనకి వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే: గ్రీన్ లైను 2024 నవంబరు నుంచి మాదావర దాకా వెళ్తోంది. యశ్వంతపురం నుంచి తొమ్మిదో స్టేషను, అదే ఆఖరిది. దిగితే ప్రదర్శన నడక దూరమే. కాబట్టి "బీఐఈసీ పక్కనే" అనే మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. ఆ లైనులో ఏ స్టేషను దగ్గర పడుకున్నా ఒకటే. మేం దాసరహళ్ళిలో దిగి నాలుగిళ్ళు అడిగితే, ఒక చీరల కొట్టు పైన గదులు అద్దెకిచ్చే పెద్దావిడ దొరికింది. గదికి 1,100. రెండు గదులు, రెండు రాత్రులు, 4,400. అడ్వాన్సు అడగలేదు. ఆమె కన్నడం, మామయ్యగారి తెలుగు, ఒకళ్ళది ఒకళ్ళకి సగమే అర్థమైంది. అయినా అరగంట మాట్లాడుకున్నారు.

అక్కణ్ణుంచి నాలుగో స్టేషనే మాదావర. లోపలికి వెళ్ళాక తెలిసింది, పుస్తకాల్లో చదివే సైజు వేరు, కళ్ళతో చూసే సైజు వేరు. వెయ్యికి పైగా ప్రదర్శకులు. రాజ్‌కోట్ నుంచి జ్యోతి, కోయంబత్తూరు నుంచి ఎల్‌ఎండబ్ల్యూ, అక్కడి పీణ్య పారిశ్రామిక వాడ నుంచే బీఎఫ్‌డబ్ల్యూ లాంటి మిషన్ల కంపెనీలు, ఇంకా జపాన్, జర్మనీ వాళ్ళు. అన్నీ నడుస్తున్న మిషన్లే. మిషన్లలో కోతని చల్లబరిచే కూలెంటు వాసన తగలగానే మామయ్యగారి నడక మారిపోయింది. నిన్న సూట్‌కేసు మీద కూర్చున్న మనిషి ఈయనేనా అనిపించింది.

గుండ్రటి కడ్డీలని సాన పట్టే సిలిండ్రికల్ గ్రైండింగ్ మిషను ఒకదాని దగ్గర ఆగారు. సానరాయి చక్రం ఉండే వీల్ హెడ్ మీద ఒక బిళ్ళని అంచు మీద నిలబెట్టి చూపిస్తున్నారు, మిషను తిరుగుతున్నా అది పడట్లేదు. అదురు లేదని చెప్పడానికి. జనం ఫోన్లు తీసి వీడియోలు. మామయ్యగారు కాసేపు చూసి, "అది లావు బిళ్ళ, గచ్చు మీదైనా నిలబడుతుంది" అని చొక్కా జేబులోంచి పల్చటి రూపాయి బిళ్ళ తీశారు. స్టాలు కుర్రాడు "సార్, ముట్టుకోకూడదు" అన్నాడు. వెనక నుంచి వాళ్ళ పెద్దాయన వచ్చి, మామయ్యగారి వేళ్ళు చూసి, "పెట్టనీ" అన్నట్టు చెయ్యి ఊపాడు. మొదటిసారి పడింది. రెండోసారి పడింది. మూడోసారి నిలబడింది. మామయ్యగారు బిళ్ళని కాదు, మిషన్ని కాదు, తన వేళ్ళని చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి "మంచి మిషనే అమ్మాయ్" అన్నారు, నేను కొనేస్తానన్నట్టు!

మా వాడి సంగతి ఇంకో స్టాల్లో తేలింది. విద్యార్థి అని బ్యాడ్జీ చూసి అక్కడి ఇంజనీరు ఒక డ్రాయింగు ముందు పెట్టాడు. రంధ్రం కొలత దగ్గర "25 హెచ్7" అని ఉంది. "అంటే ఎంత?" అని అడిగాడు. మా వాడు "టాలరెన్స్ సార్" అన్నాడు, అంటే కొలతలో ఎంత తేడా ఉండొచ్చో ఆ హద్దు. "అది సరే, ఎంత?" నోరు పెగల్లేదు. మూడో సెమిస్టరులో తొంభై మార్కులు వచ్చిన సబ్జెక్టట అది. తాతయ్య మెల్లగా అందుకున్నారు: "పాతిక మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ఎక్కువైతే ఇరవయ్యొక్క మైక్రాన్లు దాటకూడదు." మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; ఇరవయ్యొక్కటంటే వెంట్రుక మందంలో మూడో వంతు. ఆ ఇంజనీరు లేచి మామయ్యగారికి తన కుర్చీ ఇచ్చాడు. మా వాడు ఎర్రబడ్డాడు కానీ, ఆ తర్వాత ఇయర్‌ఫోన్లు బ్యాగులోంచి తియ్యలేదు. సాయంత్రం దాకా తాతయ్య పక్కనే తిరిగాడు. ఒక తెరిచిన మిషనులో జారే భాగం, స్లైడ్ మీద నెమలి ఈకల్లాంటి మరకలు చూసి ఇదేంటని అడిగాడు. "చేత్తో గీకింది. నీలం రంగు రాసి, ఎత్తున్న చోటల్లా గీకుతారు. ఇంత కంప్యూటరు పెట్టినా ఆఖర్న మనిషి గీకాల్సిందే" అన్నారాయన. కాలేజీలు, పరిశోధన సంస్థలు తమ ప్రాజెక్టులు పెట్టుకున్న భాగం కూడా ఉంది. నేను అక్కడ కుర్చీ దొరికించుకుని కాళ్ళు చాపుకున్నా, అంతకంటే చెప్పలేను.

తిండి దగ్గర ఒక విశేషం. ఆ రాత్రి దాసరహళ్ళి సందులో నాలుగు బల్లలున్న మెస్సుకి వెళ్ళాం. ఉన్నది రాగి ముద్ద, బస్సారు. మనిషికి 80. మా కృష్ణా జిల్లా వాళ్ళకి అన్నం లేకపోతే భోంచేసినట్టు కాదు కదా, మామయ్యగారు మొహం ముడుచుకున్నారు. నేనేమో సంగటే కదా అనుకున్నా. సంగటిలో బియ్యం కలుస్తుంది, ఇది ఒట్టి రాగే, నున్నగా క్రికెట్ బంతంత ఉంది. నమలబోతే పళ్ళకి అంటుకుపోయింది. వడ్డించే అతను వచ్చి, చిన్న ఉండ తుంచి, సారులో ముంచి, నమలకుండా మింగి చూపించాడు. బస్సారు అంటే ఆకుకూర, పప్పు కలిపి ఉడికించి, ఆ నీళ్ళు వంచి దాంతో చేసే చారు. వార్చిన ఆకుకూర పక్కన తాలింపు వేసి పెడతారు. వెల్లుల్లి ఘాటు ముక్కుకెక్కింది. మామయ్యగారు రెండో ముద్ద అడిగారు. ఆ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బంటే ఆ మెస్సులో ఇచ్చింది మాత్రమే.

మూడో రోజు మళ్ళీ స్టాళ్ళ చుట్టూ తిరిగే ఓపిక లేక జాలహళ్ళిలోని హెచ్ఎంటీ మ్యూజియానికి వెళ్ళాం. నన్నడిగితే మెకానికల్ పిల్లలు ప్రదర్శన కంటే ముందు ఇది చూడాలి. 1953లో మొదలైన ఈ ప్రభుత్వ మెషిన్ టూల్స్ కంపెనీ ఏమేం చేసిందో, గడియారాల నుంచి ట్రాక్టరు దాకా వరసగా ఉన్నాయి. మా షెడ్డులో ఇప్పటికీ తిరుగుతున్నది హెచ్ఎంటీ ఎన్‌హెచ్-22 లేతే. మామయ్యగారి పెళ్ళికి పెట్టిన వాచీ హెచ్ఎంటీ కాంచన్. గాజు పెట్టెలో అదే వాచీ కనిపించేసరికి ఆయన తన మణికట్టు పక్కన పెట్టి చూసుకున్నారు. ఆయన చేతిది అయిదు నిమిషాలు ముందుంది.

వెళ్ళేవాళ్ళకి నా మాట. పేరు ఆన్‌లైన్లో ముందే నమోదు చేసుకోండి. పాత బూట్లు వేసుకోండి, కొత్తవి వద్దు, రోజుకి పది కిలోమీటర్లు తేలిగ్గా నడుస్తారు. పిల్లలైనా సరే పేరూ ఫోన్ నంబరూ ఉన్న కార్డులు యాభై వేయించుకోండి; కార్డు లేని వాడితో స్టాల్లో ఎవరూ రెండు నిమిషాలకు మించి మాట్లాడరు. షెడ్డు వాళ్ళు మీరు చేసే పీసు ఒకటి, దాని డ్రాయింగు జేబులో పెట్టుకెళ్ళండి. "ఇది ఎంత టైములో చేస్తుంది?" అని అడిగితేనే అవతలి వాడు సరుకు గురించి మాట్లాడతాడు, లేకపోతే పెన్ను ఇచ్చి పంపిస్తాడు. క్యాటలాగులు మాత్రం పోగెయ్యొద్దు. మామయ్యగారు మూడు సంచులు మోశారు, ఇంటికొచ్చి తూస్తే పదకొండు కిలోలు.

అంత దూరం వెళ్ళలేని పిల్లలకి హైదరాబాద్ హైటెక్స్‌లో అప్పుడప్పుడూ ఇంజనీరింగ్ ప్రదర్శనలు పడుతుంటాయి, రాయదుర్గంలో కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ ఉంది, వరంగల్ ఎన్‌ఐటీలో విద్యార్థుల టెక్ ఫెస్టు టెక్నోజియాన్ ఉంది. ఫెస్టులకి వెళ్ళొద్దనను. కానీ అక్కడ మీ మార్కులకి చప్పట్లు కొడతారు. ఇక్కడ కోటి రూపాయల మిషను అమ్ముకునేవాడు మీకేం తెలుసో నిలదీసి అడుగుతాడు.

ఆ అడ్వాన్సు 2,070 కోసం యాప్ వాళ్ళతో నలభై ఒక్క రోజులు పోరాడా. "మీరు రాలేదని హోటలు వాళ్ళు చెప్పారు" అన్నారు. నేను ఆ గదిలో తీసిన జనరేటరు ఫొటో, తేదీతో సహా పంపా. చివరికి 500 రూపాయల కూపను ఇచ్చారు, అదీ వాళ్ళ యాప్‌లోనే మళ్ళీ గది తీసుకుంటే చెల్లుతుందట.

మొన్న మామయ్యగారు రైలు టికెట్లు ఎప్పటినుంచి ఇస్తారని అడిగారు. అరవై రోజుల ముందు, అంటే జనవరికి నవంబర్లో అని చెప్పా. "రైలు సంగతి మనవడు చూసుకుంటాడు, మాట్లాడా. నువ్వు ఆ చీరల కొట్టు పైనున్న ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి రెండు గదులు చెప్పు. ఈసారి మీ ఆయన్నీ లాక్కుపోదాం" అన్నారు.