రేడియల్ ఆర్మ్ రంపం: అడ్డకోతా, నిలువుకోతా?

1920ల్లో రేమండ్ డీవాల్ట్ తయారుచేసిన ఈ రంపంలో బ్లేడు, మోటారు రెండూ బల్లకు పైన చేయిలా చాచిన కడ్డీకి (ఆర్మ్) వేలాడుతుంటాయి. అది పుట్టిందే అడ్డకోత కోసం, అంటే చెక్క నారకు అడ్డంగా కోయడం కోసం అనిపిస్తుంది నాకు.

అడ్డకోతలో చెక్క కదలదు. వెనకున్న ఫెన్స్‌కు (అడ్డుపట్టీకి) ఆనించి పట్టుకుని, రంపాన్ని మనవైపు లాగుతాం. ఎంత పొడవు పలకైనా తిప్పలు పడక్కర్లేదు. గీసుకున్న గీత కళ్లెదుటే ఉంటుంది. ఆర్మ్‌ను 45 డిగ్రీలు తిప్పితే ఫ్రేము మూలల కోత, బ్లేడును కాస్త పైకెత్తితే గాడి. ఒక్క చిక్కు: తిరిగే బ్లేడు తనంతట తానే మన మీదికి దూసుకొస్తుంది. అందుకే మోచేయి బిగించి, లాగడం కంటే ఆపుతున్నట్టుగా నడపాలి. పళ్లు ముందుకు వాలని బ్లేడైతే ఈ దూకుడు తగ్గుతుంది.

నార వెంట పొడవునా కోసే నిలువుకోత కథ వేరు. మోటారును 90 డిగ్రీలు తిప్పి, బిగించి, చెక్కను తోయాలి, అదీ బ్లేడు తిరిగే దిశకు ఎదురుగా. పొరపాటున అవతలివైపు నుంచి పెట్టారా, బ్లేడు చెక్కను లాక్కుని బాణంలా విసురుతుంది, దాంతోపాటు చేయి కూడా వెళ్లొచ్చు. చెక్క వెనక్కి ఎగరకుండా ఆపే కొక్కేలు సరిచేసుకోవాలి, సన్న ముక్కలకు తోపుడు కర్ర వాడాలి. ఇంత టెన్షన్ దేనికి? టేబుల్ సా (బల్ల కిందినుంచి బ్లేడు పైకి వచ్చే రంపం) ఉంటే నిలువుకోత దానికే వదిలేస్తాను.