వలెన్సియా శివార్లలో ఇల్లు కొనాలంటే: గొదెల్యా, రోకఫోర్ట్ ఊళ్లు, అద్దెలు, కాగితాలు

స్పెయిన్‌లోని వలెన్సియా శివార్లలో ఇల్లు నచ్చిందని నోరు జారితే చాలు, ఏజెంటు వెంటనే 'రెసెర్వా' అని ఒక పేజీ కాగితం తీస్తాడు. 3,000 యూరోలు కడితే ఇల్లు మన పేరున పట్టి ఉంచుతాడట, సాయంత్రం ఇంకెవరో చూడటానికి వస్తున్నారట. ఇంట్లోవాళ్లు పెరట్లో నిమ్మచెట్టు చూసి మురిసిపోతున్న ఆ పది నిమిషాల్లోనే సంతకం అయిపోతుంది. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో షరతు ఉండొచ్చు: కొనేవాళ్లు కూడా ఏజెన్సీకి ఇంటి ధరలో 3 శాతం, దాని మీద 21 శాతం ఐవా పన్ను చెల్లించాలి. 3 లక్షల యూరోల ఇంటికి కమిషన్ 9,000, పన్నుతో కలిపి 10,890 యూరోలు. అమ్మేవాడి దగ్గరా తీసుకుని మన దగ్గరా తీసుకోవడం అన్యాయం. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లకముందే ఒక మెసేజ్ పెట్టండి: 'కొనేవారి దగ్గర కమిషన్ తీసుకుంటారా, ఎంత?' జవాబు రాతపూర్వకంగా రాకపోతే ఆ ఇల్లు చూడటం దండగ.

రెసెర్వా కట్టక తప్పకపోతే మూడు మాటలు రాయించుకోండి. అమ్మేవాడు ధరకు ఒప్పుకోకపోతే డబ్బు పూర్తిగా వాపసు. కాగితాల్లో లోపం తేలితే వాపసు. బేరం కుదిరితే ఆ 3,000 ఇంటి ధరలో జమ. ఈ మూడూ లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఊళ్ల విషయానికొస్తే, గొదెల్యా, రోకఫోర్ట్ రెండూ వలెన్సియాకు ఉత్తరాన, మెట్రో 1వ లైను మీద ఉన్నాయి. నగరం నడిబొడ్డున ఉన్న ఆంజెల్ గిమెరా స్టేషన్‌కు ఇరవై నిమిషాలు అటూ ఇటూ. అక్కడ 3 లేదా 5వ లైనుకు మారితే నేరుగా మనీసెస్ విమానాశ్రయం. ఒకప్పుడు వలెన్సియా కలవారు వేసవికి వచ్చి ఉండే ఊళ్లివి. చిత్రకారుడు ఇగ్నాసియో పినాసో ఇల్లు గొదెల్యాలో ఇప్పుడు మ్యూజియంగా ఉంది. కవి అంతోనియో మచాదో అంతర్యుద్ధ కాలంలో, 1936 నవంబరు నుంచి 1938 దాకా రోకఫోర్ట్‌లో ఉన్నాడు. స్టేషన్ దగ్గరి పాత వీధులు మెట్రోతో బతికేవాళ్లకు సరిపోతాయి. కాంపోలివార్, శాంటా బార్బరా లాంటి కాలనీలు మరింత ప్రశాంతం, పెద్ద తోటలు కూడా ఉంటాయి గానీ, అక్కడ కారు లేనిదే పాల ప్యాకెట్టు కూడా దొరకదు. వయసు మళ్లిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరం దాటొద్దు. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేసి ఉంటే, ఆదివారం వీధిలో మనిషి కనిపించకపోతే మొదట దిగాలుపడేది వాళ్లే.

తిండి మాత్రం దిగులు పోగొడుతుంది. పొద్దున పది గంటలకు 'ఎస్మొర్సారెత్' అని ఇక్కడివాళ్లు తినే రెండో టిఫిను ఉంటుంది: మూరెడు బ్రెడ్డులో ఆమ్లెట్టో వేయించిన మిరపకాయలో పెట్టి, పక్కన ఆలివ్‌లు, వేరుశనగలు, తాగడానికి ఏదో ఒకటి, చివర కాఫీ. అంతా కలిపి 7 నుంచి 9 యూరోలు. తిన్నాక మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. శాకాహారులు బంగాళదుంప ఆమ్లెట్టుతో సరిపెట్టుకోవచ్చు, గుడ్డు కూడా ముట్టనివాళ్లు వేయించిన కూరగాయలు పెట్టమని అడగాలి. బియ్యం దగ్గర మనవాళ్లు బెంగపడతారు గానీ, అల్బుఫేరా మడుల్లో పండే సెనియా రకం పెరుగన్నానికి చక్కగా ఒదుగుతుంది. బోంబా రకం ఎక్కువ ధర పెట్టి కొనకండి, అది ఎంత ఉడికినా మెత్తబడని, పాయేయా అనే అక్కడి అన్నం వంటకానికి వాడే బియ్యం.

కొనే ముందు ఒక చలికాలం అక్కడ అద్దెకుండండి. జూన్‌లో చూసి కొన్నవాళ్లకు జనవరిలో గానీ ఇల్లు అర్థం కాదు. బయట 8 డిగ్రీలే, మంచు కూడా ఉండదు. లోపల మాత్రం కింద చల్లటి పలకలు, సెంట్రల్ హీటింగ్ లేని గదులు, ఒంటిపొర అద్దాల కిటికీలు. పాత ఇంట్లో కింది అంతస్తు గోడ అడుగున జానెడు ఎత్తు వరకూ సున్నం పొక్కి, తెల్లటి ఉప్పు పొడిలా రాలుతుంటే అది నేలలోంచి ఎగబాకే చెమ్మ. అమ్మే ముందు కొత్తగా రంగు వేసి దాన్ని కప్పేస్తారు. బీరువాలను గోడ నుంచి జరిపి వెనక చూడండి, మూలల్లో ముక్కు పెట్టి వాసన చూడండి. ఇందుకు మొహమాటం అక్కర్లేదు.

కరెంటూ అంతే. చాలా ఇళ్లకు 3.45 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. 2 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యి, 1.5 కిలోవాట్ల హీటరు, పైన గీజరు కలిస్తే మీటరు ట్రిప్పయి కరెంటు పోతుంది. 5.75కి పెంచమంటే, వైరింగ్ ఇరవై ఏళ్లు దాటినది అయితే ఎలక్ట్రీషియన్ ఇచ్చే కొత్త 'బొలెతీన్' సర్టిఫికెట్ తెమ్మని కరెంటు కంపెనీ అడగొచ్చు. దానికోసం పాత బోర్డు మొత్తం మార్చాల్సి వస్తే ఖర్చు మీదే. కాబట్టి బోర్డు మూత తెరిపించి చూసి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. పనిరోజుల్లో ఉదయం 10 నుంచి 2 వరకు, సాయంత్రం 6 నుంచి 10 వరకు యూనిట్ ధర ఎక్కువ. అర్ధరాత్రి నుంచి ఉదయం 8 దాకా, శని ఆదివారాలు పూర్తిగా తక్కువ.

అద్దెలో జరిగే మోసం వేరు. 2023 గృహ చట్టం తర్వాత, నివాసానికి ఇచ్చే అద్దెకు ఏజెన్సీ ఫీజు ఇంటి యజమానే కట్టుకోవాలి. దాన్ని తప్పించుకోవడానికి 11 నెలలకు 'సీజన్' ఒప్పందం అని పేరు మార్చి, ఫీజు అద్దెదారు మీద వేస్తారు. అద్దె 1,200 యూరోలు అనుకుంటే నెల ఫీజు, పన్నుతో కలిపి 1,452. డిపాజిట్ కూడా నెలకు బదులు రెండు నెలలు. నిజంగా కొన్ని నెలలకే వెళ్తున్నవాళ్లకు ఆ ఒప్పందం సబబే. కాపురం ఉండబోయేవాళ్లు మాత్రం నివాస ఒప్పందమే అడగాలి. యజమాని వ్యక్తి అయితే అయిదేళ్లు, కంపెనీ అయితే ఏడేళ్లు ఉండే హక్కు దాని వల్లే వస్తుంది.

ఇక కొనుగోలు. ముందు కావాల్సింది ఎన్.ఐ.ఇ. అనే విదేశీయుల నంబరు. ఢిల్లీలోని స్పెయిన్ రాయబార కార్యాలయం గానీ ముంబై కాన్సులేట్ గానీ ఈఎక్స్-15 ఫారంతో దరఖాస్తు తీసుకుంటాయి. సంతకానికి మీరు వెళ్లలేకపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీకి అపోస్టీల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) వేయించి, స్పెయిన్‌లో గుర్తింపున్న అనువాదకుడితో స్పానిష్ చేయించాలి.

ఆ తర్వాత రిజిస్ట్రీ నుంచి 'నోతా సింప్లే' తెప్పించండి. ఆన్‌లైన్‌లో పది యూరోల లెక్క. యజమాని ఎవరు, తనఖా ఉందా, జప్తు ఉందా అన్నీ అందులో తేలతాయి. అందులో రాసిన చదరపు మీటర్లను కతాస్త్రో, అంటే ప్రభుత్వం పన్ను లెక్కకు ఉంచే ఆస్తుల రికార్డుతో పోల్చాలి. పెరట్లో కట్టిన ఈతకొలను, పాయేయా వండుకునే పొయ్యి గది, మూసేసిన టెర్రస్ రిజిస్ట్రీలో ఉండకపోవడం ఈ ఊళ్లలో మామూలే. బ్యాంకు విలువ కట్టేవాడు రిజిస్ట్రీలో ఉన్న మీటర్లకే లెక్కిస్తే లోను తగ్గుతుంది. దాన్ని సరిచేసే పని, ఖర్చు అమ్మేవాడివే అని అర్రాస్ (బయానా) ఒప్పందంలోనే రాయించండి.

అర్రాస్ అంటే మన బయానా, ధరలో పదో వంతు. అందులో సివిల్ కోడ్ 1454వ అధికరణం ప్రకారం అని స్పష్టంగా ఉండాలి. అప్పుడు మనం వెనక్కి తగ్గితే బయానా పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు ఇస్తాడు. ఆ అధికరణం ప్రస్తావన లేకపోతే బేరం వదులుకునే దారే మూసుకుపోయి, కోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. బ్యాంకు లోను మీద ఆధారపడేవాళ్లు, లోను రాకపోతే బయానా వాపసు అనే షరతు కూడా చేర్చాలి. అక్కడ నివాసం లేనివాళ్లకు బ్యాంకులు మామూలుగా 60 నుంచి 70 శాతమే ఇస్తాయి.

బాకీలు ఇంటిని వెంటాడతాయి. అపార్ట్‌మెంట్ నిర్వహణ బాకీ అయితే ఆ ఏడాదిది, అంతకు ముందు మూడేళ్లది కొత్త యజమాని మీద పడుతుంది. సొసైటీ సెక్రటరీ ఇచ్చే 'బాకీ లేదు' పత్రం అడగండి, వచ్చే రెండేళ్లలో లిఫ్టుకో ముందు గోడకో అదనపు వసూలు తీర్మానించారేమో మీటింగ్ మినిట్స్ చూడండి. అమ్మేవాడు స్పెయిన్‌లో నివాసం లేనివాడైతే ధరలో 3 శాతం మనమే పట్టుకుని, నెలలోగా 211 ఫారంతో పన్ను శాఖకు కట్టాలి. భూమి విలువ పెరుగుదల మీద మునిసిపల్ పన్ను కూడా అప్పుడు మన మెడకే చుట్టుకుంటుంది. ఆ మొత్తాన్ని నోటరీ దగ్గరే ధరలోంచి ఆపుకోండి.

పాత ఇంటికి బదిలీ పన్ను 2026 మే 31 వరకు 10 శాతం, జూన్ 1 నుంచి 9 శాతం. నెల రోజుల్లో కట్టాలి. కతాస్త్రో ప్రకటించే 'రిఫరెన్స్ విలువ' మీరు ఇచ్చిన ధర కంటే ఎక్కువైతే, పన్ను దాని మీదే. ఆ విలువ బయానాకు ముందే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఈ పన్ను, లాయరు, నోటరీ, రిజిస్ట్రీ అన్నీ కలిపి ధర మీద ఇంకో 12 శాతం చేతిలో ఉండాలి. లాయరును ఏజెంటు చెప్పిన చోట పెట్టుకోకండి.

2024 అక్టోబరు 29 వరద పాయిపోర్టా వైపు, అంటే దక్షిణ శివార్లను ముంచింది. ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లకు ఆ గతి పట్టలేదు. అయినా వాగు పక్క ఇల్లైతే ప్రభుత్వ వరద పటంలో చూడండి, ఉచితం. ఇంటి బీమా తప్పనిసరిగా తీసుకోండి. వరద నష్టానికి ప్రభుత్వ బీమా పరిహార సంస్థ 'కన్సోర్సియో' చెల్లించాలంటే పాలసీ ఉండాలి.

ఇల్లు కొంటే వీసా వస్తుందనే ఆశ వదిలేయండి. గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3తో ముగిసింది. ఇల్లున్నా షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే. టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామంటే, అపార్ట్‌మెంట్‌లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇల్లు ఖాళీగా ఉంచినా ఏటా పన్ను ఉంటుంది: కతాస్త్రో విలువ 1,00,000 యూరోలై, దాన్ని ఇటీవల సవరించి ఉంటే, అందులో 1.1 శాతాన్ని ఆదాయంగా ఊహించి, దాని మీద 24 శాతం, అంటే 264 యూరోలు.

ఇండియా నుంచి డబ్బు పంపేవాళ్లకు ఇంకో లెక్క. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్.ఆర్.ఎస్. పథకం కింద ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లే. 3 కోట్ల రూపాయలు పంపాలంటే భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఇల్లు ఉండాలి, లేదా మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపాలి. ఇద్దరూ చెరో కోటిన్నర పంపితే, 10 లక్షలు పోను మిగతా 1.40 కోట్ల మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను), తలా 28 లక్షలు. ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ, ఆ 56 లక్షలు అప్పటిదాకా ఇరుక్కుపోతాయి. రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్.ఏ. లో ఈ ఇంటిని, స్పెయిన్ బ్యాంకు ఖాతాను ఏటా చూపించాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు.