ఓసీఆర్ పాఠంలో అక్కర్లేని లైన్లు తీసేయడానికి ఏది మేలు: గ్రెప్, సెడ్, ఆక్, పైథాన్?

పాత సంకీర్తనల పుస్తకం ఒకటి స్కాన్ చేసి, టెస్సరాక్ట్‌తో ఓసీఆర్ చేశాను (అంటే బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చాను; టెస్సరాక్ట్ ఆ పని చేసే ప్రోగ్రామ్). సుమారు మూడు వందల పేజీలు. చేతికొచ్చిన టెక్స్ట్ ఫైలులో వాగ్గేయకారుడు రాయని లైన్లు బోలెడు. ఎడమ పేజీల నెత్తిన పుస్తకం పేరు, కుడి పేజీల నెత్తిన అధ్యాయం పేరు, ప్రతి పేజీ అడుగున పేజీ అంకె, ఎక్కడ పడితే అక్కడ ఖాళీ లైన్లు, కాగితం మీది మరకల్ని అక్షరాలనుకుని ఓసీఆర్ చదివిన చుక్కలూ గీతలూ. వీటిని తీసేసి కీర్తనలు మాత్రం మిగల్చాలి. ఆ పనికి నాలుగు పనిముట్లు వాడి చూశాను: కమాండ్ లైనులో నడిపే గ్రెప్, సెడ్, ఆక్, ఇంకా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. నాలుగూ మంచివే. కానీ తెలుగు పాఠం దగ్గరికొచ్చేసరికి నాలుగూ ఒక్కలా నడుచుకోవు. ఇంగ్లీషు ఫైళ్ల మీద నేర్చుకున్న చిట్కాలు ఇక్కడ కీర్తనల్నే మింగేయగలవు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పనిముట్టు ఎంచుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ లైను అక్కర్లేదని నాకెలా తెలుస్తోంది? లైనును చూస్తేనే తెలిసిపోతోందా? అది ఉన్న చోటును బట్టి తెలుస్తోందా? ఇంతకుముందు వచ్చిన లైన్లు గుర్తుంటేనే తెలుస్తుందా? లేక అక్షరాల్ని తరచి చూస్తే తప్ప తేలదా? జవాబును బట్టి పనిముట్టు మారుతుంది.

లైనును చూస్తేనే తెలిసిపోతే గ్రెప్ చాలు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1973లో తయారుచేసిన పనిముట్టు ఇది. ‘ఎడ్’ అనే పాత ఎడిటర్లో ఫైలంతా వెతికి దొరికిన లైన్లు చూపించమనే ఆజ్ఞే దీని పేరయింది. మామూలుగా మనమిచ్చిన నమూనాకు (వెతకాల్సిన లైను ఎలా ఉంటుందో చెప్పే రాతకు) సరిపడే లైన్లు చూపిస్తుంది; ఆజ్ఞకు మైనస్ వి (-v) అని చేర్చితే అవి వదిలేసి మిగతావి చూపిస్తుంది. గ్రెప్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ముందు మైనస్ వి లేకుండా నడిపితే ఏ లైన్లు పోబోతున్నాయో కళ్ల ముందు కనిపిస్తాయి. వాటిని చదివి, నమ్మకం కుదిరాక మైనస్ వి చేర్చితే సరి. మైనస్ సి (-c) తో రెండు వైపులా లెక్కపెట్టి కూడితే మొత్తం లైన్ల సంఖ్య రావాలి. వేగంలోనూ దీనిదే పైచేయి. గిగాబైట్ల కొద్దీ సర్వర్ లాగుల్లో (సర్వర్ తన పనులు నమోదు చేసుకునే ఫైళ్లలో) ఒక రకం లైన్లు తీసేయాలంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

జాగ్రత్తలు ఉన్నాయి. తీసేయాల్సిన మాటల జాబితాను ఒక ఫైలులో రాసి మైనస్ ఎఫ్ (-f) తో ఇవ్వవచ్చు. కానీ ఆ జాబితాలో పొరపాటున ఒక ఖాళీ లైను మిగిలిందంటే, ఖాళీ నమూనా ప్రతి లైనుకూ సరిపోతుంది, కాబట్టి ఫైలంతా పోతుంది. ఫలితాన్ని అదే ఫైలులోకి మళ్లించినా అంతే. గ్రెప్ చదవడం మొదలుపెట్టక ముందే షెల్ (మన ఆజ్ఞల్ని నడిపించే ప్రోగ్రామ్) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది.

ఇవి ఏ భాషకైనా ఉన్న తిప్పలే. తెలుగుకు ప్రత్యేకమైన తిప్ప వేరే ఉంది. తెలుగు అంకెలు మాత్రమే ఉన్న లైన్లు తీసేయడానికి ^[౦-౯ ]+$ అన్న నమూనా రాశాను. నా కంప్యూటర్లో సరిగ్గా పనిచేసింది. అదే స్క్రిప్టును ఒక డాకర్ కంటైనర్లో (కంప్యూటర్లోనే విడిగా, సొంత అమరికలతో నడిచే చిన్న వాతావరణంలో) నడిపితే, ఒక కీర్తనలో విడిగా ఉన్న ‘రామ రామ’ అన్న లైను మాయమైంది! అందులో అంకె ఒక్కటి లేదు. చాలాసేపు తల పట్టుకున్నాక కారణం దొరికింది. ఆ కంటైనర్లో భాషా అమరిక, అంటే లొకేల్, యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) కాదు. ‘సి’ అనే మూల అమరిక. అందులో గ్రెప్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు. సున్నా నుంచి తొమ్మిది దాకా అని నేను రాసినదాన్ని గ్రెప్, సున్నాలోని చివరి బైటు నుంచి తొమ్మిదిలోని మొదటి బైటు దాకా అని చదువుకుంది. ఆ విశాలమైన మధ్యలో ర, మ, దీర్ఘం, వాటి బైట్లన్నీ పడతాయి. దాని లెక్కలో ‘రామ రామ’ అంకెల లైనే. ‘హరి హరి’ ఉన్నా పోయేది. వేగం కోసం లొకేల్‌ను ‘సి’కి మార్చమని ఇచ్చే సలహా ఇంగ్లీషు లాగులకు మంచిదే. తెలుగు ఫైలు మీద దాన్ని పాటించకండి.

సెడ్‌ది చోటు చూసి తీసే పని. లీ మెక్‌మాన్ 1973-74లో రాశారు. మొదటి పన్నెండు లైన్లు తీసెయ్, చివరి లైను తీసెయ్, ఫలానా గుర్తు నుంచి ఫలానా గుర్తు దాకా తీసెయ్ అని దీనికి చెప్పవచ్చు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ (ఉచిత ఈ-పుస్తకాల భాండాగారం) ఫైళ్లలో అసలు పుస్తకానికి ముందూ వెనకా లైసెన్సు పాఠం ఉంటుంది, మధ్యలో * తో మొదలయ్యే గుర్తు లైన్లుంటాయి. అలాంటి చోట సెడ్ ఒక్క లైనుతో పని ముగిస్తుంది. అయితే ముగింపు గుర్తు దొరక్కపోతే సెడ్ ఫిర్యాదు చేయదు, ఫైలు చివరిదాకా తీసేస్తుంది. ఓసీఆర్ పాఠంలో గుర్తు మాట ఒక్క అక్షరం తప్పుగా వచ్చినా చాలు, ఇది జరగడానికి. మైనస్ ఐ (-i) పెడితే ఫైలునే మారుస్తుంది కనుక, దాని వెనకే బ్యాకప్ కోసం ఒక తోక పేరు ఇవ్వడం అలవాటు చేసుకోండి. మ్యాక్‌లో అక్కడ ఏదో ఒకటి ఇచ్చి తీరాలి, ఖాళీ కొటేషన్లయినా సరే. లినక్స్‌లో రాసిన స్క్రిప్టు మ్యాక్‌లో విరగడానికి ఇదే తరచూ కారణం. నా సంకీర్తనల పుస్తకానికి సెడ్ పీఠికను, చివరి తప్పొప్పుల పట్టికను తీసేయడానికి మాత్రం ఉపయోగపడింది.

ఆక్ దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే నేను దీన్ని చాలా ఏళ్లు పట్టించుకోలేదు. 1977లో ఆహో, వైన్‌బెర్గర్, కెర్నిహాన్ ముగ్గురూ కలిసి చేశారు, పేరులోని మూడు అక్షరాలూ వాళ్ల ఇంటిపేర్లవే. ఆక్ లైన్లను గుర్తుపెట్టుకోగలదు. ఇంతకుముందు చూసిన లైను మళ్లీ వస్తే వదిలెయ్ అని ఇరవై అక్షరాల్లోపే చెప్పవచ్చు, లైన్ల క్రమం కూడా చెడదు. వరుసగా పక్కపక్కన ఉన్న నకళ్లనే తీసే యూనిక్ (uniq) ఆజ్ఞ కన్నా, క్రమమంతా కలిపేసే సార్ట్ (sort) ఆజ్ఞ కన్నా ఇది ఎంతో మేలు. మెయిల్ చిరునామాల జాబితాకో, పదాల జాబితాకో ఇదే వాడండి.

సంకీర్తనలకు మాత్రం వద్దు. ప్రతి చరణం చివరా పల్లవి అందుకోమని ॥రామ॥ అని వేస్తారు కదా. నకళ్లు తీసెయ్ అంటే మొదటిది ఉంచి, మిగతా అన్ని చరణాల కింద ఉన్నవీ ఆక్ తీసేస్తుంది. చూడ్డానికి నకలే. పాడేవాళ్లకు అది కీర్తనలో భాగం.

మరి ఆక్ నాకెక్కడ పనికొచ్చిందంటే, పేజీల దగ్గర. టెస్సరాక్ట్ ఇచ్చే టెక్స్ట్ ఫైలులో పేజీకీ పేజీకీ మధ్య కంటికి కనబడని ఫారమ్ ఫీడ్ గుర్తు ఉంటుంది. పీడీఎఫ్ నుంచి పాఠం లాగే పీడీఎఫ్-టు-టెక్స్ట్ కూడా అదే పెడుతుంది. ఆక్‌కు ‘ఒక రికార్డు అంటే ఒక లైను కాదు, ఒక పేజీ’ అని చెప్పవచ్చు. అప్పుడు ప్రతి పేజీలో మొదటి లైను, చివరి లైను చేతికందుతాయి. పేజీ నెత్తిన ఉన్న శీర్షికను ఓసీఆర్ ఒకచోట ‘ప్రథమ’ అనీ, ఒకచోట ‘ప్రధమ’ అనీ, ఇంకోచోట మరేదో అనీ చదివింది. మాటను పట్టుకుని వెతికితే అన్నీ దొరకవు. చోటును పట్టుకుంటే దొరుకుతాయి. పైగా అధ్యాయం మొదట్లో పేజీ మధ్యన ఉండే అసలు శీర్షిక పదిలంగా మిగులుతుంది.

ఆక్‌తో రెండు చిక్కులు. విండోస్‌లో తయారైన ఫైలులో ఖాళీగా కనిపించే లైనులో క్యారేజ్ రిటర్న్ అనే కనబడని గుర్తు ఉంటుంది, కాబట్టి ఖాళీ లైన్లు తీసే చిట్కా అక్కడ పారదు; ముందు ఆ గుర్తును తీసేయాలి. రెండోది పొడవు. మూడు అక్షరాల లోపు లైన్లన్నీ ఓసీఆర్ చెత్త అనుకుని పొడవును బట్టి తీసేద్దామనుకున్నాను. ‘శ్రీ’ని చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. ఆక్‌లోనే ఒక రకమైన జీఆక్ లెక్కలో నాలుగు, శ, పొల్లు, ర, ఈత్వం కలిపి. ఉబుంటులో ముందే ఉండే ఎంఆక్ అనే ఇంకో రకం బైట్లు లెక్కపెడుతుంది, అంటే పన్నెండు. ఒకే స్క్రిప్టు రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా కోస్తుంది.

ఇక పైథాన్. ఒక లైను పనికి పదిహేను ఇరవై లైన్ల స్క్రిప్టు రాయాలి, గ్రెప్ కన్నా నెమ్మది. ఒక పుస్తకానికి ఆ నెమ్మది తెలియనే తెలియదు, రెప్పపాటులో అయిపోతుంది. తెలుగు పాఠానికి నేను చివరికి స్థిరపడింది దీని దగ్గరే. కారణం, ఇది తెలుగు అంకెను అంకెగా గుర్తిస్తుంది. పైథాన్ 3లో ‘౧౨’ అన్న మాటను పూర్ణసంఖ్యగా మార్చమంటే 12 ఇస్తుంది. అది నా పెద్ద చిక్కు విప్పింది. నా పుస్తకంలో పేజీ అంకె విడి లైనులో ఉంది, కీర్తన సంఖ్య కూడా విడి లైనులోనే ఉంది. రెండూ తెలుగు అంకెలే. రూపం చూసి ఏది పేజీదో ఏది కీర్తనదో గ్రెప్ చెప్పలేదు. పైథాన్‌లో మాత్రం పేజీ చివరి లైనును సంఖ్యగా మార్చి, ముందు పేజీ అంకెకు ఒకటి ఎక్కువైతేనే తీసెయ్, కాకపోతే నాకు చూపించు అని రాశాను. చూపించినవాటిలో ఎక్కువ భాగం సున్నా దగ్గర తప్పినవి. తెలుగు అంకె ౦, సున్న ం కంటికి ఒకేలా ఉంటాయి, యూనికోడ్‌లో మాత్రం వేర్వేరు. ‘౧౦’ అని రావాల్సిన చోట ఒకటి పక్కన అనుస్వారం వచ్చి కూర్చుంటే అది అంకె కాదంటుంది పైథాన్. అదీ మంచిదే, తప్పు బయటపడింది.

మరకల చెత్తను కూడా పొడవుతో కాక అక్షరాలతో కొలిచాను. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గదులు U+0C00 నుంచి U+0C7F దాకా ఒకేచోట వరుసగా 128 ఉన్నాయి. లైనులో సగానికి పైగా గుర్తులు ఆ గదుల్లోవి కాకపోతే అది అనుమానపు లైను. ‘శ్రీ’ నిలిచింది, చుక్కల గీతల లైన్లు దొరికిపోయాయి.

పైథాన్‌లోనూ గుంతలున్నాయి. పద నమూనా కోసం వాడే మామూలు గుర్తు (\w), గుణింతపు గుర్తుల దగ్గర ఆగిపోతుంది. ‘తెలుగు’ అన్న మాటలో త, ల, గ మూడూ మూడు పదాలనుకుంటుంది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెజెక్స్ మాడ్యూల్‌కు ఆ ఇబ్బంది లేదు, పెర్ల్‌కూ లేదు. (పెర్ల్ వచ్చినవాళ్లు ఈ పనంతా అందులోనే హాయిగా చేసుకోవచ్చు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పను.) విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని తప్పకుండా చెప్పండి, లేకపోతే సిస్టమ్ సొంత ఎన్‌కోడింగ్‌తో తెరవబోయి తప్పు చూపిస్తుంది. లైన్ల జాబితా మీద నడుస్తూ అదే జాబితాలోంచి తీసేయకండి. తీసిన లైను పక్కది పరీక్షకు అందకుండా దాటిపోతుంది, జంటగా ఉన్న చెత్త లైన్లలో ఒకటి మిగులుతుంది. ఉంచాల్సినవి కొత్త జాబితాలో చేర్చుకుంటూ పోండి.

పోల్చే ముందు పాఠాన్ని ఒక తీరుకు తేవడం కూడా పైథాన్‌లోనే తేలిక. ‘కై’లోని ఐత్వం యూనికోడ్‌లో ఒకే గుర్తుగా ఉండవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండుగానూ ఉండవచ్చు. కంటికి తేడా లేదు, వెతికితే దొరకదు. పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా పెట్టే కనబడని గుర్తు ఉంది చూశారా, ‘డాకర్‌లో’ లాంటి మాటల్లో, దానితోనూ ఇదే గొడవ. ఒక లైనులో అదొక్కటే మిగిలితే, కంటికి ఖాళీ, పైథాన్ అంచుల ఖాళీలు కత్తిరించినా అది పోదు.

విండోస్‌లో ఇవేవీ వద్దనుకుంటే, ఒక్క ఫైలుకు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో నమూనాతో లైన్లకు బుక్‌మార్క్ పెట్టి, బుక్‌మార్క్ ఉన్నవాటిని తీసేయవచ్చు. పవర్‌షెల్ 7 కూడా సరే. విండోస్‌తో వచ్చే పాత 5.1లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు రాస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యే ప్రమాదముంది.

నా ఎంపిక అడిగితే: లాగులకు, ఇంగ్లీషు జాబితాలకు గ్రెప్, ఆక్. తెలుగు పుస్తకమైతే చూడటానికి గ్రెప్, తీయడానికి పైథాన్. స్క్రిప్టు ఏదైనా, తీసేసిన ప్రతి లైనునూ దాని లైను సంఖ్యతో సహా వేరే ఫైలులో రాయించండి, మూల ఫైలును ముట్టుకోకండి. నా పుస్తకం తాలూకు ఆ తీసేసిన లైన్ల ఫైలు చదవడానికి ఒక సాయంత్రం పట్టింది. అందులో ఏడు లైన్లు కీర్తనలవే. లైను సంఖ్యలు చూసుకుని ఏడింటినీ వాటి చోట తిరిగి పెట్టాను.