గుడ్డిదీపంతో ఎనిమిదేళ్లు: మా నూరు సీసీ బండి

2018 దసరాకు కొన్న బండి ఇది. మీటరు 91 వేలు దాటింది. అందులో సగానికి పైగా హైదరాబాద్ నుంచి మా ఊరికి, మా ఊరి నుంచి హైదరాబాద్‌కు తిరిగిందే. ఇంతవరకు ఇంజిన్ విప్పింది లేదు. ఇంత చేసిన బండిని తిట్టడానికి నోరు రాదు. కానీ దాని హెడ్‌లైట్‌ను తిట్టకుండా మాత్రం ఉండలేను.

మైలేజీ ఎంత, ట్యాంకు ఎంత అనేవి మీ వీధిలో పాలు పోసే అబ్బాయిని అడిగినా చెబుతాడు. కంపెనీ పేరు రాయను. నూరు సీసీ, నాలుగు గేర్లు, కార్బొరేటర్, చువ్వల చక్రాలు అంటే చాలు. ఆ జాతి బండ్లలో చాలావాటికి అప్పట్లో ఇదే జబ్బు.

నేనుండేది అత్తాపూర్. ఊరు అనంతపురం జిల్లాలో, పామిడి దాటి హైవే దిగి లోపలికి పోవాలి. మొత్తం 340 కిలోమీటర్ల దాకా. బస్సు ఉంది కదా అంటారు. రాత్రి బస్సెక్కితే తెల్లవారుజామున మూడింటికి పామిడి దగ్గర దింపి పోతుంది. ఊళ్లోకి మొదటి ఆటో ఏడింటికి. పైగా ఊరికి చేరాక బండి లేకపోతే నాకు చేతులు విరిగినట్టే. తోటకు పోవాలన్నా, నాయనను గుత్తి ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అదే దిక్కు. అందుకే నెలకోసారి బండి మీదే పోతాను.

ఇక లైటు సంగతి. పెద్ద బైకుల్లో హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలుగుతుంది. నా బండిలో బ్యాటరీ మీద నడిచేవి హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు, సెల్ఫు. హెడ్‌లైట్‌కు మాత్రం ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా ఏసీ కరెంటు. ఇంజిన్ ఎంత తిరిగితే అంత వెలుగు. 35 వాట్ల బల్బు అరవైలో పోతుంటే ఏదో వెలుగుతుంది. ముందర ఏదో నల్లగా కనిపించి ఎక్సలేటర్ వదిలామా, లైటు కూడా ఎర్రబడి చిన్నదైపోతుంది. కళ్లు చించుకుని చూడాల్సిన ఆ క్షణంలోనే దీపం కొండెక్కబోతుంది. పోనీ వెలుగు కోసం అరవైలోనే పోదామంటే, అరవైలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆ వెలుగు అన్ని మీటర్ల ముందుకు పడుతుందో లేదో అన్నట్టు ఉంటుంది. ఈ లెక్క ఎవరు వేసి పెట్టారో గానీ, వాళ్లెప్పుడూ డోన్ దాటి రాత్రిపూట బండి నడిపి ఉండరు.

ఇందులో ఇంకో తమాషా. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు లైటు ఆపే స్విచ్ లేదు, ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. కొన్న కొత్తలో పట్టపగలు కర్నూలు సందుల్లో ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్లు మూసి తెరిచి ‘లైటు, లైటు’ అని సైగ చేసేవాడు. పగలు ఊరందరికీ కనిపించిన ఆ లైటు రాత్రి నాకొక్కడికి కనిపించేది కాదు.

సిటీలో తిరిగేవాళ్లకు ఇది బాధే కాదు, వీధిదీపాలుంటాయి. 44వ నంబరు హైవే మీద అలా కాదు. మా నాయన ఇప్పటికీ ఏడో నంబరు హైవే అంటాడు, పాత పేరు. రోడ్డు బాగుంటుంది, కాదనను. కానీ బాగున్న రోడ్డు మీద ఉండకూడనివి ఉంటాయి. లారీ పంచరైతే టైర్ల కింద, వెనక నాలుగడుగుల దూరంలో బండరాళ్లు పెడతారు. పని అయిపోయాక లారీ పోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. వాటిలో ఒకటి తలకాయంత ఉన్నదాన్ని ఎర్రవల్లి దాటాక పాదానికి జానెడు దూరంలో దాటాను. దాటాక గానీ అది రాయి అని తెలియలేదు. ఆ రాత్రి బీచుపల్లి బ్రిడ్జి ఎప్పుడు దాటానో గుర్తుంది గానీ, ఆ రాయి దాటాక కర్నూలు దాకా ఎలా వచ్చానో గుర్తులేదు.

అసలు కథ 2022 ఆషాఢంలో జరిగింది. శుక్రవారం నాలుగింటికి ఆఫీసు నుంచి అట్నుంచి అటే బయలుదేరాను. కర్నూలులో తిని తొమ్మిదింబావుకు మళ్లీ కదిలాను. వెల్దుర్తి దాటాక డిమ్ లైటు టప్పున పోయింది. ఆ ఏడాది అప్పటికే రెండు బల్బులు మార్పించి ఉన్నాను, అలవాటైన చావే కదా అని హైబీమ్ వేసుకుని పోతూ ఉన్నాను. డోన్ దాటి ప్యాపిలి ఇంకా రాకముందే అది కూడా పోయింది.

చీకటి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బహుళ పక్షం, అర్ధరాత్రి దాకా చంద్రుడు రాడు. ఎడమ పక్కన రోడ్డు ఎక్కడ అయిపోయి మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కుడి నుంచి ఆషాఢం గాలి తోస్తోంది. ఇండికేటర్ వేసి, కాళ్లు నేలకు రాసుకుంటూ బండిని పక్కకు ఆపాను. సెల్‌ఫోను టార్చి పళ్లతో పట్టుకుని నడిపితే ఎలా ఉంటుందో ప్రయత్నించాను. పది గజాలు కూడా పోలేదు, చొంగ కారి ఫోను జారిపోయింది. నవ్వొస్తుంది ఇప్పుడు రాస్తుంటే.

కొంచెం ముందర ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు ఇనుపరాడ్‌తో టైర్లు ఒక్కొక్కటే కొట్టి వింటున్నాడు. బండి తోసుకుంటూ వస్తున్న నన్ను చూసి, “ఏమప్పా, లైటు లేకుండా యాడికి పోతాండావ్?” అన్నాడు. చెప్పాను. లారీ నిండా ఎర్రగడ్డలు, బెంగళూరు మార్కెట్‌కు. నేను నీ వెనకే వస్తానన్నా, నీ లైట్లు చూసుకుంటూ అన్నాను. “యెనక వద్దు. నేను బ్రేకేస్తే నా కింద ఉంటావు. ముందర పో, నేను లైటేసుకుంటా వస్తా” అన్నాడు.

ముందర పోవడం ఎంత కష్టమో మొదలుపెట్టాక తెలిసింది. వెనక నుంచి పట్టపగలంత వెలుగు. కానీ సరిగ్గా నాకు రోడ్డు కనిపించాల్సిన చోట నా నీడే పడుతోంది. ఒకటి కాదు, రెండు లైట్లకు రెండు నీడలు, తాటిచెట్లంత పొడుగు. మధ్యలో పోతే రెండూ కలిసి ముందున్నదంతా నల్లగా చేస్తాయి. కాసేపు అటూ ఇటూ జరిగి చూశాను. బాగా ఎడమకు, తెల్లగీతకు ఆనుకుని పోతే నీడలు రోడ్డు పక్కనున్న తుమ్మచెట్ల మీదికి పోయి దారి తేలుతుంది. డ్రైవరు కూడా అది గమనించాడు కాబోలు, లారీని కాస్త కుడికి జరిపి పట్టుకున్నాడు. నలభై, నలభై అయిదు. ప్యాపిలి దాటాక ఒకచోట హారను చిన్నగా రెండుసార్లు కొట్టాడు. చూస్తే ముందర గీత మీద గేదె నిలబడి ఉంది. నాకంటే ముందే, అంత ఎత్తు నుంచి చూశాడు.

గుత్తిలో ఆయన లారీ ఆపి పడుకుంటానన్నాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. పేరు అడగలేదు, అడిగి ఉండాల్సింది. పెట్రోలు బంకు గట్టు మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేసి పొద్దున వస్తానన్నాను. అర్ధరాత్రి దాటాక చంద్రుడొచ్చాడు, గుత్తి కోట గోడ కొండ మీద సన్నగా కనిపించింది. రెండు గంటలు ముందొచ్చి ఉంటే నీ సొమ్మేం పోయేదిరా అనుకున్నాను.

పొద్దున్నే పామిడిలో వైరింగ్ చేసే కుర్రాడు బల్బు మార్చకుండా ముందు ఓల్టుమీటరు పెట్టాడు. ఎక్సలేటర్ ఇచ్చిన కొద్దీ ముల్లు ఆగకుండా పోతోంది. “బల్బుది తప్పు లేదన్నా, కరెంటును హద్దులో పెట్టే రెగ్యులేటర్ పోయింది. నువ్వు స్పీడు పోతే బల్బు మాడిపోతాంది” అన్నాడు. ఏడాదిలో రెండుసార్లు పెద్ద సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి, కూల్‌డ్రింకు తాగి, బిల్లు కట్టి వచ్చాను. రెండుసార్లూ బల్బు మార్చి పంపారు. ఎందుకు మాడుతోందని అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు, అది వేరే సంగతి.

రెగ్యులేటర్ మారాక బల్బులు పోవడం ఆగింది. ఎక్సలేటర్ వదిలితే లైటు కుంగిపోవడం ఆగలేదు. అది రిపేరు కాదు, బండి పుట్టుకే అంత. దాంతో మాగ్నెట్ కాయిల్ వైరింగ్ మార్పించి, కొత్త రెగ్యులేటర్ వేయించి, లైటును బ్యాటరీ మీదికి తెప్పించి, తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టించాను. అప్పట్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, బండికి కళ్లొచ్చాయి, మీరూ చేయించుకోండి అని. మా కొలీగ్ ఒకతను నా మాట విని చేయించుకున్నాడు కూడా.

ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. పొడిరోడ్డు మీద బాగానే ఉంది. వాన పడ్డ నల్లటి రోడ్డు మీద ఆ తెల్లవెలుగు ఎటు పోతుందో తెలియదు, రోడ్డు పీల్చేసుకున్నట్టు ఉంటుంది. పైగా ఆ అద్దం హాలోజన్ బల్బు కోసం చేసింది. ఎల్‌ఈడీ పెడితే వెలుగు కిందికి పడకుండా అటూ ఇటూ చిమ్ముతుంది. మా ఊరి సింగిల్ రోడ్డు మీద ఎదురొచ్చిన ఒక పెద్దాయన బండి ఆపి మరీ నన్ను తిట్టాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే నాకే సిగ్గేసింది. మరుసటి ట్రిప్పులో తీసేసి పాత హాలోజనే పెట్టించాను. బ్యాటరీ మీద ఉంది కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది, అంతవరకు నయం. కానీ అంత చిన్న బ్యాటరీకి ఆ బరువు ఎక్కువైంది. రెండో చలికాలానికే చేతులెత్తేసింది. కిక్కు ఉంది కాబట్టి సరిపోయింది. కిక్కు తీసేసిన కొత్త బైకులను చూస్తే నాకు ఇప్పటికీ జాలి.

మిగతావి గబగబా. లీటరుకు 70 ఇస్తుందని నేనూ అందరిలాగే చెప్పుకున్నాను. ఇస్తుంది, చలికాలంలో, గాలి లేనప్పుడు, యాభై అయిదు దాటకపోతే. జూన్, జూలైల్లో డోన్ నుంచి పామిడి దాకా పక్కగాలికి నాలుగో గేరులో లాగలేక మూడులోకి దిగాల్సి వస్తుంది. ఒకసారి లెక్క వేస్తే 52 వచ్చింది. ప్రైవేటు బస్సు పక్కనుంచి దూసుకుపోతే ముందు బయటికి తోస్తుంది, వెంటనే లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోకూడదు, వదులుగా పట్టుకుంటే బండే సర్దుకుంటుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. సీటు గురించి చెప్పేదేం లేదు, జడ్చర్ల దాకా సీటు, ఆ తర్వాత చెక్క. టర్కీ టవలు నాలుగు మడతలు వేసి కట్టుకోండి. పంచరైతే ట్యూబు టైరు కాబట్టి చక్రం విప్పాల్సిందే. అయితే అది విప్పడం రాని మెకానిక్ ఈ దారిలో నాకు తగల్లేదు.

రాత్రి ప్రయాణాలు తగ్గిస్తూ వచ్చాను గానీ పూర్తిగా మానలేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, చీకట్లో రోడ్డు మీద పడి ఉన్న బైకు బస్సు కింద ఇరుక్కుని, మంటలు లేచి అంతమంది చనిపోయిన వార్త చూశాక మానేశాను. నేను నెలనెలా దాటే చోటు అది. పడి ఉన్న బైకు ఎలా కనిపించదో నాకు తెలుసు, తలకాయంత రాయి ఎలా కనిపించలేదో తెలుసు కాబట్టి.

కొనొచ్చా అంటే, నా సంగతి చెబుతాను, మీది మీరు చూసుకోండి. నేను 62 కిలోలు, ఒక్కణ్ని, సామాను ఒక బ్యాగు. తొమ్మిది గంటలు పట్టినా తొందర లేదు. దారిపొడవునా నాకు తెలిసిన టీకొట్లున్నాయి. ఇలాంటివాడికి పగటిపూట ఇది చాలు, ఎక్కువే. వెనక మనిషి కూర్చుంటే మాత్రం ఈ దూరం వద్దు, ఒకసారి మా తమ్ముణ్ని ఎక్కించుకుని వచ్చి ఇద్దరం రెండు రోజులు వంగి నడిచాం. రాత్రి తప్పదనుకుంటే లైటు చూసి కొనండి. షోరూం ముందు పగలు కాదు, చీకటి పడ్డాక ఎవరి బండైనా అడిగి తీసుకుని, వీధిదీపం లేని చోట ఎక్సలేటర్ వదిలి చూడండి. కొత్త మోడళ్లలో మార్చారంటున్నారు, నేను నడపలేదు.

నా నష్టం నాకుంది. ఇదివరకు శుక్రవారం రాత్రి చేరేవాణ్ని, శనివారం మొత్తం, ఆదివారం మధ్యాహ్నం భోజనం దాకా ఊళ్లో ఉండేవాణ్ని. ఇప్పుడు శనివారం తెల్లారాక బయలుదేరి మూడింటికి చేరతాను. ఆదివారం ఎనిమిదిన్నరకే తిరుగుముఖం, పొద్దుగూకేలోపు శంషాబాద్ దాటాలి కదా. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు. అమ్మ తెల్లవారుజామునే లేచి అవి చేసి స్టీలు క్యారియర్‌లో కట్టిస్తుంది. డోన్ దాటాక ఒక వేపచెట్టు ఉంది, దాని కింద బండి ఆపి విప్పుతాను. పులుసు ఎలాగో తినొచ్చు. సంగటి మాత్రం అప్పటికి రాయిలా గట్టిపడి ఉంటుంది. వేలితో గుచ్చుతూ, ఎదురుగా స్టాండు మీద పట్టపగలు లైటు వేసుకుని నిలబడ్డ బండిని చూస్తాను. తాళం తీయడం మరిచిపోయి ఉంటాను, ఇప్పుడు అది బ్యాటరీ మీద కదా.