టేపు పట్టాకే స్పానర్ పట్టే షెడ్డు

నాది పశువుల మందుల సేల్స్ పని. వారానికి మూడుసార్లు తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు పోయి రావాలి. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. నాలుగు నెలల కింద వెనక మెత్తగా ఉందని ఒకచోట చూపిస్తే, ప్రీలోడ్, అంటే వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు, చివరిదాకా బిగించి పంపేశారు. ఇక అప్పట్నుంచి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా సీటు నన్ను పైకి ఎగరేసేది. ఘాట్ మలుపులో గతుకు తగిలితే వెనక చక్రం నేల మీద ఉందో లేదో తెలిసేది కాదు.

కరకంబాడి రోడ్డులో బోర్డు కూడా లేని ఈ రేకుల షెడ్డు సంగతి కొరియర్ కుర్రాడొకడు చెప్పాడు. మెకానిక్ స్పానర్ ముట్టుకోలేదు. సెంటర్ స్టాండ్ వేసి, చక్రం గాల్లో ఉండగా, యాక్సిల్‌కు సరిగ్గా నిట్టనిలువుగా పైన టెయిల్ ప్యానెల్ మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెన్నుతో గీత పెట్టాడు. యాక్సిల్ నుంచి గీతకు 642 మిల్లీమీటర్లు. బండిని దించి కొలిస్తే మళ్ళీ అదే 642.

"చూడు సామీ, సొంత బరువుకు కూడా కుంగడంలేదు. గుంట వస్తే చక్రం ఇంకెక్కడికి దిగుతుంది?"

తర్వాత హెల్మెట్, మందుల బ్యాగుతో సహా నన్ను ఎక్కించాడు. వెనక భాగాన్ని నొక్కి వదిలి ఒకసారి, పైకి లేపి వదిలి ఒకసారి కొలిచాడు. లోపలి రాపిడి వల్ల రెండూ ఒకటి కావట. 608, 612 వచ్చాయి, సగటు 610. అంటే కుంగింది 32. ఈ బండి వెనక చక్రానికి 180 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే పైకీ కిందికీ కదిలే దూరం, ఉంది, అందులో 30 శాతం చొప్పున 50, 55 మధ్య కుంగాలి. సీ స్పానర్‌తో వదులు చేస్తే మొదట 46, ఇంకొంచెం తిప్పాక 52. బండి ఒక్కదానికే 12. అక్కడ ఆపేశాడు.

ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. స్ప్రింగు అదేనట, బండి కూర్చునే ఎత్తే మారుతుందట. వెనక మనిషి కూర్చుంటే ఎంత బిగించాలో చూద్దాం, మేడమ్ బరువెంత అన్నాడు. ఫోన్ చేసి అడిగే ధైర్యం చాలక పక్క టీ కొట్టాయన్ని ఎక్కించాం. ఆ స్థానానికి పసుపు పెయింట్ చుక్క పెట్టాడు.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టానికి జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) కట్టి కొలిచాడు గానీ, దానికి బయట అడ్జస్టర్ లేదు కాబట్టి వదిలేశాడు.

తీసుకున్నది 400. పట్టింది రెండు గంటలు. కూర్చోడానికి పాత టైరే గతి, ఫోన్ చేస్తే ఎత్తడు. పొద్దున తొమ్మిదికే వెళ్ళండి, పదకొండు దాటితే స్కూటర్ల వరసలో ఇరుక్కుంటారు. నా బండి మీద ఆ టేపు ముక్క ఇంకా అలాగే ఉంది, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కొలుస్తా, పీకొద్దన్నాడు.