నర్సింగ్ హోమ్ నివాసుల తరఫున నిలిచే ఆంబుడ్స్‌మన్ సేవ: టెక్సస్ అనుభవంతో ఒక సమీక్ష

అమెరికాలో నర్సింగ్ హోమ్‌లలోనూ, రోజువారీ పనుల్లో సాయం దొరికే అసిస్టెడ్ లివింగ్ వసతుల్లోనూ ఉంటున్న పెద్దవారి కోసం ప్రతి రాష్ట్రంలోనూ వారి ఫిర్యాదులు విని వారి తరఫున మాట్లాడే లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్ అనే ఉచిత సేవ ఒకటి ఉంది. మా అమ్మ తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ తరువాత టెక్సస్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేరి, ఇంటికి వచ్చే స్థితి లేక అక్కడే ఉండిపోయినప్పుడు ఈ సేవను దగ్గరగా చూసే అవకాశం కలిగింది. ఇక్కడి తెలుగు కుటుంబాలలో తల్లిదండ్రులను ఇలాంటి చోట ఉంచవలసి వచ్చినవారు ఆ విషయం నలుగురిలో చెప్పుకోవడానికే సంకోచిస్తారు కాబట్టి, సాయం దొరికే చోటు గురించిన సమాచారం కూడా ఒకరి నుంచి మరొకరికి చేరడం లేదు. ఆ లోటు కొంతైనా తీరాలనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ సేవ 1972లో కొన్ని రాష్ట్రాలలో ప్రయోగంగా మొదలైంది. ఓల్డర్ అమెరికన్స్ చట్టానికి 1978లో చేసిన సవరణతో ప్రతి రాష్ట్రమూ దీన్ని నడపడం తప్పనిసరి అయింది. అయితే ఆంబుడ్స్‌మన్ చేతికి అసలైన ఆధారం 1987 నాటి నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టంతో వచ్చింది. పెద్దవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నుంచి గాని, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుంచి గాని డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్‌కూ ఆ చట్టం వర్తిస్తుంది. తన చికిత్స గురించి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, వద్దనుకున్న చికిత్సను నిరాకరించడం, తనకు నచ్చిన వేళకు లేవడం, పడుకోవడం, కావలసినవారిని కలుసుకోవడం, సిబ్బంది సౌకర్యం కోసం మంచానికి కట్టివేయడం గాని మందులతో మత్తులో ఉంచడం గాని జరగకుండా ఉండడం, ప్రతీకార భయం లేకుండా ఫిర్యాదు చేయడం, ఇవన్నీ అక్కడ నివసించే మనిషికి ఆ చట్టమూ దాని కింద వచ్చిన నిబంధనలూ ఇచ్చిన హక్కులు. చేరిన రోజున చేతిలో పెట్టే కాగితాల కట్టలో ఇవి ఉంటాయి. చదివే ఓపిక ఆనాడు ఎవరికీ ఉండదు.

మేము మొదట ఆంబుడ్స్‌మన్‌కు ఫోన్ చేసింది తిండి గురించీ స్నానం గురించీ. పుట్టుకతో శాకాహారి అయిన మా అమ్మకు కోడిమాంసం ఉడికించిన నీళ్లతో చేసిన సూప్‌ను, ముక్కలు లేవు కదా అని, శాకాహారంగానే ఇచ్చేవారు. వంటగదిలో చెప్పినప్పుడల్లా ఆ పూటకు సర్దేవారు గాని, షిఫ్టు మారితే మళ్లీ మొదటికే వచ్చేది. స్నానం సంగతి ఇంకా బాధాకరం. స్నానం చేయించడానికి మగ ఎయిడ్ (రోజువారీ సంరక్షణ చేసే సహాయకుడు) వస్తే అమ్మ ముఖం తిప్పుకొని దుప్పటి గట్టిగా పట్టుకునేది. సిబ్బంది దాన్ని రికార్డులో ‘స్నానానికి నిరాకరించారు’ అని రాసుకుని వెళ్లిపోయేవారు. నిజానికి ఆమె అడిగినది స్నానం చేయించడానికి ఒక ఆడమనిషిని పంపమనే.

వచ్చిన ఆంబుడ్స్‌మన్ శిక్షణ పొందిన ఒక వాలంటీరు. ఆవిడ చెప్పిన ముఖ్యమైన మాట, ఇలాంటివి నోటితో చెబితే నిలవవని, కేర్ ప్లాన్‌లోకి, అంటే ఆ మనిషికి ఏ సంరక్షణ ఎలా ఇవ్వాలో రాసే ప్రణాళికలోకి, ఎక్కించాలని. చేరిన 48 గంటల్లో ప్రాథమిక కేర్ ప్లాన్, 14 రోజుల్లో సమగ్రమైన అంచనా, అది పూర్తయిన ఏడు రోజుల్లో పూర్తి ప్రణాళిక తయారు కావాలని నిబంధన ఉంది. ఆ ప్రణాళిక తయారీలో కూర్చునే హక్కు నివాసికి ఉంది, తనకు కావలసినవారిని వెంట తెచ్చుకునే హక్కు కూడా ఉంది. నివాసుల మత, సంస్కృతి అవసరాలను భోజనంలో సాధ్యమైనంతవరకు పాటించాలని కూడా కేంద్ర నిబంధనలు చెబుతాయి. అమ్మ అనుమతితో ఆంబుడ్స్‌మన్ కూడా కేర్ ప్లాన్ మీటింగ్‌కు వచ్చారు. మాంసం నీళ్లు, గుడ్డు, జెలటిన్ వద్దని, స్నానానికి ఆడ ఎయిడే రావాలని అక్కడే రాయించారు. ఆ తరువాత పొరపాట్లు పూర్తిగా పోలేదు, కానీ జరిగినప్పుడు చూపించడానికి మా చేతిలో ఒక కాగితం ఉండేది, దానికి జవాబు చెప్పవలసిన మనిషి పేరూ అందులో ఉండేది.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది వేరే ఉంది. ఆంబుడ్స్‌మన్ పనిచేసేది నివాసి కోసం, పిల్లల కోసం కాదు. వచ్చిన రోజున ఆవిడ మమ్మల్ని మర్యాదగా గది బయట కూర్చోమని, ఫోన్‌లో తెలుగు దుబాసీని పెట్టుకుని అమ్మతో విడిగా మాట్లాడారు. మాకు చెప్పని సంగతులు అమ్మ ఆవిడకు చెప్పింది. సాయంత్రం పెందలాడే పడుకోబెట్టేస్తున్నారని, ఇంకాసేపు హాల్లో నలుగురి మధ్య కూర్చోవాలని ఉందని చెప్పింది. కసురుకుంటున్న ఒక ఎయిడ్ మీద ఫిర్యాదు చేయాలని నేను గట్టిగా కోరితే, అమ్మ మాత్రం వద్దంది. ‘పాపం, ఆ పిల్ల రెండు డ్యూటీలు చేస్తోంది, దాని ఉద్యోగం మీదికి తేవద్దు’ అంది. నివాసి సమ్మతి లేకుండా ఆమె ఎవరో తెలిసేలా ఫిర్యాదును ముందుకు తీసుకెళ్లడం తమ నియమాలకు విరుద్ధమని ఆంబుడ్స్‌మన్ నాకు వివరించి, ఆ విషయం అంతటితో ఆపారు. మతిమరుపు వ్యాధి ముదిరి తన మాట తాను చెప్పలేని స్థితిలో ఉన్నవారికైతే చట్టబద్ధ ప్రతినిధి మాట తీసుకుంటారు. మాట్లాడగలిగిన మనిషి విషయంలో మాత్రం ఆ మనిషి మాటే చివరిది. పెద్దవాళ్ల మంచీచెడూ పిల్లలే తేల్చడం ప్రేమగానే భావించే మన ఇళ్లలో ఈ పద్ధతి మొదట కొరుకుడు పడకపోవచ్చు. కానీ మంచం మీద ఉన్న మనిషిని ముందుగా ‘మీకేం కావాలి’ అని అడిగే వ్యక్తి ఒకరు ఉండడం ఎంత అవసరమో నాకు అక్కడ అర్థమైంది.

మరొకసారి ఈ సేవ మమ్మల్ని పెద్ద ఇబ్బంది నుంచి కాపాడింది. మెడికేర్ చెల్లింపు ఆగిపోతోందని, ఆ వారాంతానికల్లా అమ్మను తీసుకెళ్లాలని బిజినెస్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నర్సింగ్ హోమ్ ఖర్చును ఒక విడతకు గరిష్ఠంగా 100 రోజుల వరకు, అందులో మొదటి 20 రోజులు పూర్తిగా, మెడికేర్ భరిస్తుంది. ఆ చెల్లింపు ఆగడం, నర్సింగ్ హోమ్ నుంచి పంపించివేయడం రెండూ వేరువేరు విషయాలని ఆంబుడ్స్‌మన్ చెప్పేవరకు మాకు తెలియదు. చెల్లింపు ఆపే ముందు కనీసం రెండు రోజుల వ్యవధితో రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి, దాని మీద వెంటనే అపీల్ చేసుకోవచ్చు. ఇక పంపించివేయడానికి చట్టం ఒప్పుకునే కారణాలు ఆరే: అవసరమైన సంరక్షణ అక్కడ సాధ్యం కాకపోవడం, ఆరోగ్యం కుదుటపడి ఆ సేవ అవసరం లేకపోవడం, ఇతరుల భద్రతకు ముప్పు, ఇతరుల ఆరోగ్యానికి ముప్పు, తగిన నోటీసు తరువాత కూడా డబ్బు కట్టకపోవడం, ఆ హోమ్ మూతపడడం. మామూలు పరిస్థితుల్లో 30 రోజుల ముందు రాతపూర్వకంగా, కారణంతోనూ ఎక్కడికి పంపుతున్నారో తెలిపే వివరంతోనూ నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ప్రతి ఆంబుడ్స్‌మన్ కార్యాలయానికి కూడా వెళ్లాలి. మాకు వచ్చిన ఫోన్‌కు ఇవేవీ లేవు. ఆంబుడ్స్‌మన్ ఆ సంగతి గుర్తుచేశాక మళ్లీ అలాంటి ఫోన్ రాలేదు, అమ్మ అక్కడే ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. ఫోన్ చేసిన వెంటనే మనిషి రారు. కార్యాలయం చూసుకోవలసిన హోమ్‌లు చాలా ఉంటాయి, వాలంటీర్లు తక్కువ. మాకు ఇచ్చిన హక్కుల కరపత్రం తెలుగులో లేదు. డాలస్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువారు ఉన్నప్పుడు అది ఉండి తీరాలని నా అభిప్రాయం. అంతకన్నా ముఖ్యంగా, ఆంబుడ్స్‌మన్‌కు జరిమానా వేసే అధికారం గాని లైసెన్సు రద్దు చేసే అధికారం గాని లేదు. అవి తనిఖీలు చేసే రాష్ట్ర శాఖ చేతిలో ఉంటాయి. టెక్సస్‌లో అది హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్. గాయమో, దెబ్బో, నిర్లక్ష్యమో జరిగితే ఆ శాఖకు నేరుగా ఫిర్యాదు చేయాలి. మనుషుల కొరతను కూడా ఆంబుడ్స్‌మన్ తీర్చలేరు. ప్రతి నివాసికి రోజుకు 3.48 గంటల నర్సింగ్ సంరక్షణ ఉండాలని కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనను 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఒక ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. పిలుపు గంట నొక్కి గంటసేపు ఎదురుచూసే మనిషికి హక్కుల పత్రం ఎంతవరకు ఆసరా అవుతుందన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

అసిస్టెడ్ లివింగ్ సంగతి వేరు. 1987 చట్టం వాటికి వర్తించదు, నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. ఆంబుడ్స్‌మన్ అక్కడికి కూడా వస్తారు గాని, నర్సింగ్ హోమ్‌లో ఉన్నంత బలమైన ఆధారం అక్కడ వారికి ఉండదు. అందువల్ల సంతకం చేసే ఒప్పందాన్ని ముందే చదవడం, ఎప్పుడు ఖాళీ చేయమనవచ్చు, అద్దె ఎప్పుడు పెంచవచ్చు అన్నవి అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. మెడికేర్ వారి కేర్ కంపేర్ వెబ్‌సైటులో నర్సింగ్ హోమ్‌ల తనిఖీ నివేదికలు, నక్షత్రాల రేటింగులు దొరుకుతాయి. అసిస్టెడ్ లివింగ్‌లు అందులో ఉండవు.

నర్సింగ్ హోమ్‌లో చేర్చేటప్పుడు పిల్లలు గమనించవలసినవి రెండున్నాయి. తల్లిదండ్రుల బిల్లుకు మీ సొంత డబ్బుతో హామీ ఉండాలని షరతు పెట్టడానికి వీల్లేదు కాబట్టి, ‘రెస్పాన్సిబుల్ పార్టీ’ (బాధ్యత వహించే వ్యక్తి) అని ఉన్న చోట ఏ హోదాలో సంతకం చేస్తున్నారో చూసుకోండి. వివాదం వస్తే కోర్టుకు వెళ్లకుండా ఆర్బిట్రేషన్‌కే (మధ్యవర్తి తీర్పుకే) వెళ్తామన్న కాగితం మీద సంతకం చేస్తేనే చేర్చుకుంటామనడం కూడా కుదరదు. చేసిన సంతకాన్ని 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవచ్చు.

ఆంబుడ్స్‌మన్ ఫోన్ నంబరు ప్రతి నర్సింగ్ హోమ్ గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టి ఉండాలి. కనిపించకపోతే పెద్దవారి సేవల వివరాలు చెప్పే ఎల్డర్‌కేర్ లొకేటర్ వారి 1-800-677-1116 నంబరుకు ఫోన్ చేస్తే మీ ప్రాంతపు కార్యాలయం వివరాలు చెబుతారు. తెలుగు దుబాసీ కావాలని మొదటి ఫోన్‌లోనే అడగండి, గొడవ ముదిరేవరకు ఆగకండి.