బోల్టులు చూసి బీడ్‌లాక్ అనుకోకండి: సెకండ్ హ్యాండ్ రిమ్ములు కొనేవాళ్లకు జాగ్రత్త

ఆఫ్‌రోడ్ కోసం సెకండ్ హ్యాండ్ అల్లాయ్ రిమ్ములు వెతుకుతున్నారా? డబ్బులు చేతికిచ్చే ముందు ఇది చదవండి. నాకు ఇవన్నీ డబ్బులిచ్చాక తెలిశాయి.

నాలుగు రిమ్ములు, టైర్లు ఎక్కించినవే. అంచు చుట్టూ వరసగా బోల్టులు, పైన నిగనిగలాడే నల్ల రంగు. "బీడ్‌లాక్ అన్నా ఇవి. ఎనిమిది పీఎస్ఐకి దించినా టైరు ఊడదు. బిగించుకుని వెళ్లిపోవడమే" అన్నాడు అమ్మినతను. బీడ్ అంటే రిమ్ముకు ఆనుకుని కూర్చునే టైరు అంచు, దాన్ని రింగుతో, బోల్టులతో నొక్కి పట్టే రిమ్మే బీడ్‌లాక్. పీఎస్ఐ అంటే టైరులో గాలి ఒత్తిడి కొలత. టైర్లు కూడా ఎక్కించి ఉన్నాయి కదా, ఒక పని తప్పిందని సంబరపడ్డాను. అసలు చిక్కంతా అక్కడే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. టైరు ఎక్కి ఉన్న రిమ్ములో మనం చూడాల్సిన చోటే కనపడదు.

మొదటి వారంలోనే అనుమానం రావాల్సింది. రోడ్డు మీద 32 పీఎస్ఐ పెడితే రెండు రోజులకు ముందు ఎడమ చక్రం 28కి వచ్చేది. వాల్వ్ పిన్ను మార్పించాను, తగ్గలేదు. ఫోన్ చేస్తే "టైరు ఇంకా సర్దుకోలేదు, నాలుగు రోజులు తిప్పండి" అన్నాడు. నమ్మాను. అది నా తప్పే.

తర్వాత ఇసుకలోకి వెళ్లాం. బీడ్‌లాకే కదా అన్న ధీమాతో 10కి దించాను. గంటసేపు బండి హాయిగా తేలుతూ పోయింది. ఒక దిబ్బ మీంచి ఏటవాలుగా దిగుతూ స్టీరింగ్ గట్టిగా కోసేసరికి ఎడమ పక్క బుస్సుమని చప్పుడు, బండి ఒక వైపుకు కూలబడింది. దిగి చూస్తే టైరు అంచుకూ రిమ్ముకూ మధ్య వేలు దూరేంత సందు. ఆ సందు నిండా ఇసుక.

జాకీ ఇసుకలో దిగిపోకుండా కింద చెక్క పెట్టి చక్రం లేపాం. గుడ్డతో, బ్రష్షుతో ఇసుక తీశాం. టైరు చుట్టూ ర్యాచెట్ బెల్టు బిగించి, గాలి ఒక్క ఊపున వెళ్లాలని వాల్వ్ పిన్ను తీసేసి కంప్రెసర్ పెడితే మూడోసారికి బీడ్ టప్పున కూర్చుంది. మండే స్ప్రే కొట్టి, నిప్పు పెట్టి, పేల్చి ఎక్కిస్తారే, ఆ వీడియోలు చూసి సరదా పడకండి. చేతులు, మొహం పోతాయి. అలాగే బీడ్ కూర్చోవడం లేదని గాలి ఎక్కించుకుంటూ పోవద్దు. 40 పీఎస్ఐ దగ్గరికి వచ్చినా కూర్చోకపోతే ఆపి, గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ మొదలుపెట్టాలి.

తిరిగొచ్చాక టైరు విప్పిస్తే అసలు కథ బయటపడింది. ఆ బోల్టులు గోరంత పొడవున్నాయి. రిమ్ము ముఖానికి బిగించి ఉన్నాయంతే, టైరును తాకనైనా తాకవు. పైనున్న రింగు ఉత్త అలంకారం. అసలైన బీడ్‌లాక్‌లో టైరు బయటి బీడ్ రిమ్ముకూ రింగుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది, బోల్టులు దాన్ని పట్టి నొక్కుతాయి. రింగు విప్పితే టైరు అంచు కళ్లెదుట కనపడాలి. అది కనపడలేదంటే బీడ్‌లాక్ కాదు. అసలైనదైనా చాలావాటిలో బయటి బీడ్‌కే ఆ పట్టు, లోపలి వైపుది మామూలుగానే కూర్చుంటుంది. పైగా ఆ బోల్టుల బిగువు అప్పుడప్పుడూ టార్క్ రెంచితో చూసుకుంటూ ఉండాలి.

అంతకంటే ఒళ్లు మండించింది ఇంకోటి. బీడ్ కూర్చునే చోట రంగు మీద గోటితో గీస్తే పొర ఊడొచ్చింది. కింద తెల్లటి పొడి, చిన్న చిన్న గుంటలు. అల్యూమినియానికి పట్టిన తుప్పు అది. దాన్ని గీకకుండా పైనుంచి మందంగా రంగు కొట్టేశాడు మహానుభావుడు. పైన పటారం, లోన లొటారం. రెండు రోజులకు నాలుగు పీఎస్ఐ పోయింది ఆ గుంటల్లోంచే.

మామూలు రిమ్ములో బీడ్‌ను అంచుకు నొక్కి పట్టేది లోపలి గాలే. అది జారి రిమ్ము నడుమ గాడిలోకి పడిపోకుండా ఒక చిన్న గట్టు ఉంటుంది. గాలి దించిన కొద్దీ ఆ నొక్కుడు తగ్గుతుంది, గట్టు ఒక్కటే ఆధారం. మలుపులో నేల టైరును పక్కకు లాగుతుంది, బీడ్ కాస్త కదులుతుంది, ఇసుకో గడ్డిపోచో దూరుతుంది. తర్వాత నిండా గాలి కొట్టినా ఆ ఇసుక రేణువు అక్కడే ఉండి లీకు కొనసాగుతుంది. శుభ్రమైన రిమ్ముకే ఈ గతి పడుతుంటే, గుంటలు పడినదాని సంగతి చెప్పేదేముంది?

అమ్మినతనికి ఫోటోలు పంపాను. "నేను బీడ్‌లాక్ స్టైల్ అని చెప్పాను కదా" అన్నాడు. స్టైల్ అనే మాట నా చెవిన పడనే లేదు. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి ఇంక వాదించేదీ లేదు.

కాబట్టి కొనే ముందు కనీసం ఒక్క టైరైనా విప్పి చూపించమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. బీడ్ కూర్చునే చోట చుట్టూ వేలు తిప్పి చూడండి, గరుగ్గా తగిలినా, రంగు పెచ్చులు లేచినా వద్దు. అంచు ఎక్కడైనా వంగిందేమో రిమ్మును తిప్పి చూడండి. వెడల్పు కూడా అడగండి. ఏ టైరుకు ఎంత వెడల్పు రిమ్ము పనికొస్తుందో టైరు కంపెనీ చెబుతుంది. గాలి దించి తిప్పేవాళ్లకు ఆ హద్దుల్లో సన్నటిదే మేలు. వెడల్పాటి రిమ్ము మీద సాగదీసి ఎక్కించిన టైరు తక్కువ గాలిలో త్వరగా జారుతుంది. సబ్బునీళ్ల పరీక్ష 32 దగ్గర చేసి ఊరుకోకండి, 15కి దించి మళ్లీ చేయండి. నా వెనక చక్రానికి 32 దగ్గర ఒక్క బుడగ రాలేదు, 15 దగ్గర బయటపడింది.

లీకుంటే లోపల సీలెంట్ పోయించుకోమని ఒకరు, ట్యూబ్ వేయించుకోమని ఒకరు సలహా ఇస్తారు. సీలెంట్ చిన్న మేకు పడితే దారిలో పనికొస్తుందేమో గానీ తుప్పుకు మందు కాదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు టైరు రిమ్ము మీద జరిగితే దాంతోపాటు ట్యూబూ జరిగి వాల్వ్ మొదట్లో చిరుగుతుంది. తుప్పు కొద్దిగానే ఉంటే వైరు బ్రష్షుతో మెటల్ తేలేదాకా గీకి, బీడ్ సీలర్ రాస్తే నిలుస్తుంది. టైరు ఎక్కించేటప్పుడు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయనివ్వకండి. రబ్బరు పాడవుతుంది, ఆ జారుడూ పోదు.

ఇప్పుడు నేను మామూలు రిమ్ములే వాడుతున్నాను, 15 కిందికి దించను. ఇసుకలో చాలాసార్లు 18 సరిపోతోంది. టైరు వేడిగా ఉన్నప్పుడు దించితే చల్లారాక ఇంకో పీఎస్ఐ, ఒకటిన్నర తగ్గుతుందని లెక్కలో పెట్టుకుంటాను. స్టీరింగ్ కోయడం, చక్రాలు గిర్రున తిప్పడం మానేశాను. రోడ్డెక్కే ముందు కంప్రెసర్ తీసి మళ్లీ నింపుతాను, ఎంత ఆలస్యమైనా సరే.

ఆ నాలుగు రిమ్ములూ ఇంకా మూలనే ఉన్నాయి. రంగు బాగుంది కదా అని ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు, తుక్కుకే వేస్తాను.